నెలల పేర్లు రాసుకున్న అరల ఫైల్: ఇన్నేళ్లు వాడాక నా మాట

కరోనా టైమ్‌లో విజయవాడ వన్‌టౌన్‌లో కొన్న ప్లాస్టిక్ ఫైల్ ఇది, హార్మోనియం తిత్తిలా సాగేది, 13 అరలుంటాయి. అందరూ చూసిందే కాబట్టి రంగూ సైజూ వదిలేస్తున్నా. నేను చెప్పేది ఆ అరల మీద ఏం రాసుకున్నాం అన్న ఒక్క విషయం గురించే, ఎందుకంటే మా ఇంటిని దారిలో పెట్టింది అదే.

మామూలుగా బ్యాంకు, ఇన్సూరెన్స్, స్కూల్, హాస్పిటల్ అని రాసుకుంటాం కదా. నేను ఏప్రిల్ నుంచి మార్చి దాకా 12 అరలకీ నెలల పేర్లు రాశా, 13వ అర మాత్రం ఎప్పటికీ ఉండాల్సినవాటికి, అంటే ఆధార్లు, దస్తావేజు జిరాక్సు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు. మిగతా ఏ కాగితమైనా దాంతో పని పడే నెల అరలోకి పోద్ది. ఇంటి పన్ను రసీదు ఏప్రిల్‌లో ఉంటది, ఏడాదిదంతా ఒకేసారి ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గిస్తారు కాబట్టి. ఆఫీసు వాళ్లు జీతం మీద కోసిన పన్నుకి ఇచ్చే ఫారం 16 జూలైలో, రిటర్ను వేసేది అప్పుడే కదా. మావయ్య గారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, ఆయన పీపీవో, అంటే పెన్షన్ ఆర్డరు జిరాక్సు నవంబర్లో, లైఫ్ సర్టిఫికెట్ ఆ నెలలో ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోద్ది. బండి ఇన్సూరెన్స్ మాత్రం గడువుకి ముందు నెల అరలో పెడతా, ఎందుకంటే గడువు దాటి 90 రోజులైతే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గిస్తూ అన్నేళ్లుగా వచ్చిన నో క్లెయిమ్ బోనస్ మొత్తం పోద్ది, అది చాలామందికి తెలీదు.

ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ అర ఖాళీ చేసి కాగితాలన్నీ క్లిప్పు పెట్టి క్యాలెండర్ మేకుకి తగిలిస్తాం, పని అయినదాని మీద మళ్లీ ఎప్పుడో పెన్సిల్‌తో రాసి ఆ అరలోకి తోసేస్తాం. చూడ్డానికి చిన్న పనే గానీ ఇంట్లో ఆడాళ్ల బుర్ర మీద ఎంత బరువు తగ్గుద్దో వాడితేనే తెలుస్తది. ఇదివరకు గ్యాస్ ట్యూబ్ ఐదేళ్లకి మార్చాలన్నా, పిల్లాడి ఫీజు చివరి తేదీ అన్నా అన్నీ నాకే గుర్తుండాలి, మర్చిపోతే నన్నే అడిగేవాళ్లు. ఇప్పుడు మావయ్య గారే పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని అర తీసి "అమ్మాయ్, ఈ నెల బండికి పొల్యూషన్ చేయించాలంట, అబ్బాయికి చెప్పు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎంత హాయిగా ఉంటదో చెప్పలేను.

దీని విలువ బాగా తెలిసింది మాత్రం 2024 సెప్టెంబర్ 1 ఆదివారం నాడు. మాది పాయకాపురం, కింద మేము, పైన అద్దెకిచ్చాం. బుడమేరు వాగు నీళ్లు వీధిలోకి వస్తున్నాయి అనుకునేలోపే గుమ్మం దాటేశాయి. పైనున్న అమ్మాయి మెట్ల మీంచి "ఆంటీ, ముందు తాతగారిని పంపించండి, సామాన్ల సంగతి తర్వాత" అని ఒకటే కేకలు. మావయ్య గారిని ఎక్కించి, బియ్యం డబ్బా, మందుల కవరు, ఈ ఫైలు పట్టుకుని నేనూ ఎక్కేశా. బీరువాలో కింద అరలు, ఫ్రిజ్, మంచాలు, బండి అన్నీ మునిగాయి. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, పడవల మీద, డ్రోన్ల మీద వచ్చిన ప్యాకెట్లు తిని గడిపాం. డిజిలాకర్‌లో అన్నీ ఉన్నాయి కదా అంటారు, నిజమే, నావీ ఉన్నాయి, కానీ ఫోన్ వెలగాలి కదండీ.

నీళ్లు తీశాక గవర్నమెంటు వాళ్లు ఎన్యూమరేషన్‌కి, అంటే ఇంటింటి నష్టం రాసుకోడానికి వచ్చారు, కింద పోర్షన్ మునిగినవాళ్లకి 25 వేలు, పైనున్నవాళ్లకి 10 వేలు అన్నారు, ఆధార్, బ్యాంకు వివరాలు చూపించాలి. మా వీధిలో జనం తడిసిన కాగితాలు డాబాల మీద రాళ్లు పెట్టి ఎండేసుకుంటుంటే చూడలేకపోయా. మేం ఫైలు తెరిచి ఇచ్చేశాం.

బండి సంగతి కూడా చెప్పాలి. మెకానిక్ కుర్రాడు "ఒక్క కిక్కు కొట్టి చూద్దాం అక్కా, స్టార్ట్ అయిపోద్దేమో" అన్నాడు, మా ఆయన ఆగమని పాలసీ తీసి దాని మీదున్న నంబర్‌కి చేస్తే ముందు స్టార్ట్ చెయ్యొద్దు, ఫొటోలు తీయండి అన్నారు. నీళ్లున్న ఇంజిన్‌ని తిప్పితే ఆ రిపేరు మామూలు పాలసీలో ఇవ్వరంట, మీరూ గుర్తుపెట్టుకోండి. ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే ఇచ్చే థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే వరదకి అసలు రూపాయి రాదు. మాది ఫుల్ పాలసీ, అయినా ఆ కంపెనీ వాళ్లు అది తెండి ఇది తెండి అని చాలా తిప్పారు, చివరికి కొంత కోసుకునే ఇచ్చారు, ఆ కోపం నాకింకా పోలేదు.

ఇక్కడే పైన అన్నదాన్ని కొంచెం తగ్గించి చెప్పాలి. నెలల వారీగా పెట్టుకోవడం రోజూవారీ సంసారానికి బ్రహ్మాండం గానీ, ఎవరో ఎదురుగా నిలబడి పలానా కాగితం అంటే ఏ నెలలో ఉందా అని ఆలోచించాల్సి వస్తది. మా ఆయన పాలసీ కోసం నాలుగైదు అరలు గాలించారు. ఆ తర్వాత మూత లోపల ఒక అట్టముక్క అతికించి ఏది ఏ నెలలో ఉందో రాశా, అప్పట్నుంచి ఆ తంటా లేదు. ఇది వాటర్ ప్రూఫ్ కూడా కాదు, పక్కల తెరిచే ఉంటది, మేం పైకి పట్టుకెళ్లబట్టి బతికింది.

ఇంకో పెద్ద లోపం, షాపుల్లో ఇచ్చే మెరుపు కాగితం బిల్లులు ఈ ప్లాస్టిక్ అరల్లో తొందరగా తెల్లబడిపోతాయి. మిక్సీ వారంటీకి బిల్లు తీస్తే తారీఖు కూడా కనపడలేదు. జిరాక్సుల సిరా కూడా ప్లాస్టిక్‌కి అంటుకుంటది, విజయవాడ ఎండలకి మరీను. అందుకే బిల్లు వచ్చిన రోజే జిరాక్సు తీయించి తెల్ల కాగితంలో మడిచి పెడుతున్నా. ఎలాస్టిక్ ఎప్పుడో సాగిపోయింది, అడుగు మడతలు చిట్లుతున్నాయి.

కొనమంటావా అంటే, మాలాగా పెద్దాయన, స్కూలు పిల్లలు, సొంతిల్లు, బండి, ఇలా తేదీలెక్కువున్న ఇంటికైతే తప్పకుండా కొనండి, రెండొందల్లో వచ్చేదే. ఒక్కరే ఉండి అన్నీ ఆటో డెబిట్‌లో పోయేవాళ్లకి ఇంత అవసరం ఉండదేమో. నేనైతే ఈసారి బట్ట అంచు కుట్టిన అరలున్నది చూస్తున్నా, దాన్ని పెట్టడానికి జిప్ ఉన్న మందం కవరు ఒకటి ఇప్పటికే కొన్నా, వానాకాలం మొత్తం ఫైలు అందులోనే అటక మీద ఉంటది.