డబ్బా మీద పడవ బొమ్మ చూసి వార్నిష్ కొనకండి

చెక్కతో పడవ తెడ్డు సొంతంగా తయారు చేసుకునేవాళ్లు వార్నిష్ కొనే ముందు ఇది చదవండి. నేను కొని మోసపోయాను.

సెడార్ పలకను కయాక్ (ఒకరిద్దరు కూర్చునే సన్నటి పడవ) తెడ్డుగా చెక్కడానికే నాకు నెల పట్టింది. 80 నంబరు శాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 120, 180, 220 దాకా రుద్దాను. మధ్యలో తడిగుడ్డతో తుడిచి, పైకి లేచిన నూగును మళ్లీ దించాను. రెండు రెక్కల మీదా ఎర్ర పట్టీలు వేసి వారం ఆరనిచ్చాను. ఇంత ఓపిక పట్టినవాణ్ణి వార్నిష్ దగ్గరికొచ్చేసరికి బద్ధకించాను. ఆన్‌లైన్‌లో కనిపించిన డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ‘మెరైన్’ (అంటే పడవలకు వాడేది) అని, పక్కనే పడవ బొమ్మ. ఇంకేం చూడలేదు.

రోజుకొకటి చొప్పున మూడు పూతలు వేస్తే అద్దంలా మెరిసింది. నాలుగోసారి నీళ్లలోకి వెళ్లొచ్చాక రెక్క కొసన బొటనవేలి గోరంత తెల్ల మచ్చ కనిపించింది. గోటితో గీరితే పూత ఉల్లిపొరలా లేచొచ్చింది, నా ఎర్ర పట్టీని కూడా అంటించుకుని! కింద చెక్క నల్లబడి ఉంది.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే ముందు ‘మీరు సరిగ్గా శాండింగ్ చేయలేదు’ అన్నారు. గట్టిగా అడిగితే ‘తెరిచిన డబ్బా వాపసు తీసుకోం’ అన్నారు. అప్పుడు డబ్బా వెనక్కి తిప్పి చూశాను. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఇంటి లోపలి ఫర్నిచర్‌కు మాత్రమే’ అని ఉంది.

తేడా ఏమిటంటే, చెక్క తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పూత కూడా దాంతోపాటు సాగాలి. ఇంటి లోపలి వార్నిష్ గట్టిగా ఉంటుంది కానీ సాగదు, పగులుతుంది. ఆ పగుల్లోంచి నీళ్లు దూరతాయి. పైగా ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాలు పారదర్శకమైన పూతలోంచి దిగి కింది చెక్కను పాడుచేస్తే పూతకు పట్టు పోతుంది. మనం అడగాల్సింది స్పార్ వార్నిష్. పూర్వం ఓడల తెరచాప కొయ్యలకు (ఇంగ్లిష్‌లో ‘స్పార్’) వేసేవాళ్లు, పేరు అలా వచ్చింది. అయినా పేరును నమ్ముకోకండి. వెనక ‘బయటి వాడకానికి’ అనీ, యూవీ రక్షణ ఉందనీ రాసి ఉందో లేదో చదవండి.

కొసల దగ్గర అదనపు పూతలు వేయకపోవడం మాత్రం నా తప్పే. చెక్క పోగులు తెగిన చోట నీళ్లు స్ట్రాతో పీల్చినట్టు లోపలికి పోతాయి.

వార్నిష్ వద్దు, నూనె పట్టిస్తాను అనేవాళ్లకూ ఓ మాట. టంగ్ ఆయిల్ అంటే టంగ్ చెట్టు గింజల నూనె. ‘టంగ్ ఆయిల్ ఫినిష్’ పేరుతో వచ్చే వాటిలో చాలావరకు థిన్నర్ కలిపిన వార్నిషే. ఏం కలిపారో డబ్బా మీద చూసుకోండి. అసలైన నూనె పట్టాక మాత్రం తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. పరిచి ఆరబెట్టండి. ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) ఒక్కటే చాలనేవాళ్ల మాటా వినకండి. ఎండకు అది పచ్చబడి పెళుసవుతుంది, దాని మీద యూవీ వార్నిష్ పడాల్సిందే.

ఇప్పుడు తెడ్డు మొత్తం గీకేసి మళ్లీ 80 నంబరు కాగితం దగ్గరికి వచ్చాను. మిగిలిన సగం డబ్బా ఇంట్లో పాత స్టూలుకు వేశాను. స్టూలు మాత్రం భలే మెరుస్తోంది.