వాటర్లూ మొత్తమా, హూగుమాంట్ ఒక్కటేనా: కన్వెన్షన్ టేబుల్‌కి ఏది మేలు?

ఆటగాళ్లంతా ఒకచోట చేరే కన్వెన్షన్‌లో మొదటిసారి చారిత్రక వార్‌గేమ్ (బొమ్మ సైనికులతో టేబుల్ మీద ఆడే యుద్ధం) నడపబోయేవాళ్ల చూపు చాలావరకు పెద్ద యుద్ధం మీదే ఉంటుంది. నెపోలియన్ కాలం అంటే ప్రాణం పెట్టేవాళ్లయితే ఇక వాటర్లూ తప్ప మరోటి కనిపించదు. నేనూ అక్కడే మొదలుపెట్టాను. కొన్నేళ్ల తర్వాత అదే యుద్ధంలోంచి హూగుమాంట్ అనే ఒక్క పొలం ఇంటిని, దాని తోటను, ముందున్న అడవిని విడదీసి ఆడించాను. ఇంట్లో స్నేహితులతో ఆడుకోవడానికైతే రెండూ బాగుంటాయి. కన్వెన్షన్ సంగతి వేరు. ఒకరికొకరు పరిచయం లేని ఆరుగురు వస్తారు, చేతిలో నాలుగు గంటలుంటాయి, రూల్స్ ఎవరికీ పూర్తిగా తెలియవు.

ముందు వాటర్లూ లెక్క చూద్దాం. 1815 జూన్ 18న నెపోలియన్ దగ్గర సుమారు 73,000 మంది, ఎదురుగా బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ దగ్గర సుమారు 68,000 మంది ఉన్నారు. సాయంత్రానికి వెల్లింగ్టన్‌కి తోడుగా సేనాని బ్లూషర్ వెంట వచ్చిన ప్రష్యన్లు మరో 50,000 దాకా ఉంటారు. ఒక్కో బొమ్మను 20 మంది కింద లెక్కేసినా 9,500 పైచిలుకు బొమ్మలు కావాలి. 28 మిల్లీమీటర్ల సైజులో అన్ని బొమ్మలకు రంగులేయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, వేసినా పరచడానికి చోటు చాలదు. అందుకే మొత్తం యుద్ధం అనుకున్నాక 6 మిల్లీమీటర్లకు దిగిపోవాల్సిందే. దాని అందం దానికుంది. నిలబడి పైనుంచి చూస్తే బెటాలియన్ బెటాలియన్‌లాగే కనిపిస్తుంది, నలభై బొమ్మల గుంపులా కాదు. గుట్ట వెనక వెల్లింగ్టన్ దాచిన వరసలు, ఎదురుగా ఫ్రెంచ్ ఫిరంగుల బారు, మధ్యలో లా హే సాంత్ అనే పొలం ఇల్లు, అన్నీ ఒకే చూపులో పడతాయి. ఆ చూపు చిన్న ఆటలో ఎప్పటికీ దొరకదు. ఇంకో సుఖం మోసేవాళ్లకే తెలుస్తుంది. మాగ్నెట్ షీట్ పరిచిన రెండు పెట్టెల్లో రెండు సైన్యాలూ పట్టేస్తాయి. హూగుమాంట్‌కైతే ఒక్కో ఇంటికి ఒక్కో అట్టపెట్టె.

చిక్కల్లా కూర్చునేవాళ్లకే. మూడడుగుల దూరం నుంచి 6 మిల్లీమీటర్ల ఫ్రెంచ్ పటాలాన్ని, వెల్లింగ్టన్ వైపున్న జర్మన్ నాసావ్ పటాలాన్ని కొత్తవాళ్లు వేరుచేసి చెప్పలేరు. నేను బొమ్మల కింది బేస్‌ల వెనక అంచులకు నీలం, ఎరుపు, నలుపు రంగులు పూసి, పేర్లు అంటించాను. కొంత మేలు జరిగింది. అయినా ఒక్కొక్కరి కింద పది పన్నెండు పటాలాలుంటే ఒక్క టర్న్‌కి 25 నిమిషాలు పడుతుంది. నాలుగు గంటల్లో పరిచయానికి, ముగింపుకి చెరో 20 నిమిషాలు తీసేస్తే మిగిలేది 200 నిమిషాలు, అంటే ఎనిమిది టర్న్‌లు.

ఆ ఎనిమిదే నన్ను దెబ్బ తీశాయి. యుద్ధం మొదలైంది ఉదయం పదకొండున్నర ప్రాంతంలో. ప్రష్యన్ సేనాని బ్యూలో కోర్ (పెద్ద సైన్య విభాగం) అడవి దాటి ప్లాన్స్‌న్వా ఊరి వైపు యుద్ధంలోకి దిగింది సాయంత్రం నాలుగున్నరకు. టర్న్‌కి అరగంట చొప్పున చూస్తే ప్రష్యన్లు రావడానికి పది టర్న్‌లు కావాలి. నా ఆట ఎనిమిదో టర్న్‌లో ఆగిపోయింది. ప్రష్యన్ల వైపు ఆడటానికి పేరిచ్చిన ఆయన మూడు గంటలకు పైగా తన బ్రిగేడ్ల పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మధ్యమధ్యలో మూత తీసి, బొమ్మలు చూసుకుని, మళ్లీ మూసేవారు. వెళ్లేటప్పుడు నాకు ధన్యవాదాలు చెప్పి మరీ వెళ్లారు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తప్పు చరిత్రది కాదు. గడియారాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించకపోవడం నాది.

తర్వాత దానికి మందు దొరికింది. మొత్తం వాటర్లూ ఆడించాలంటే సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాలి. అప్పటికి ఫ్రెంచ్ మార్షల్ నే (Ney) గుర్రపు దళాలు గుట్టెక్కుతుంటాయి, ఇటు కాల్బలం చతురస్రాలు కడుతుంటుంది, అటు బ్యూలో ముందు వరస టేబుల్ అంచున నిలబడి ఉంటుంది. మొదటి టర్న్‌లోనే ఆరుగురికీ పని దొరుకుతుంది. లా హే సాంత్ ఫ్రెంచ్‌వాళ్ల చేతికి చిక్కింది ఆరు గంటల ప్రాంతంలో. ప్లాన్స్‌న్వా చేజారకముందే వాళ్లు దాన్ని పట్టగలరా అన్నది ఒక్కటే గెలుపోటముల ప్రశ్నగా పెడితే ఎనిమిది టర్న్‌లు సరిగ్గా సరిపోతాయి. పొద్దున జరిగిందంతా రెండు నిమిషాల్లో నోటితో చెప్పేయొచ్చు.

ఇప్పుడు హూగుమాంట్. వెల్లింగ్టన్ కుడి కొసన, గుట్ట కింద ఉన్న పొలం ఇల్లది. దక్షిణాన అడవి, తూర్పున గోడ కట్టిన తోట, దాని పక్కన పండ్లతోట, ఉత్తరాన గేటు. నెపోలియన్ తమ్ముడు జెరోమ్ డివిజన్ మొదట అడవిలోకి దిగింది. అక్కడ కాచుకున్నవాళ్లు నాసావ్, హనోవర్ సైనికులు, లోపల బ్రిటిష్ గార్డ్స్. 28 మిల్లీమీటర్లలో రెండు వైపులా కలిపి 120 బొమ్మలుంటే పుష్కలం. ముగ్గురు ఫ్రెంచ్ వైపు, ముగ్గురు గార్డ్స్ వైపు ఆడొచ్చు. అడవిలో తుపాకులు మొదటి టర్న్‌లోనే పేలతాయి కాబట్టి ఊరికే కూర్చునేవాళ్లుండరు. మనిషికి మూడు దళాలే కనుక టర్న్ పన్నెండు నిమిషాల్లో తేలిపోతుంది. అదే 200 నిమిషాల్లో పదహారు టర్న్‌లు.

ఇక ఆ గేటు. ఉత్తరం గేటును లెగ్రో అనే ఫ్రెంచ్ అధికారి గొడ్డలితో బద్దలుకొట్టాడు. ఆయన వెంట ముప్పై నలభై మంది లోపలికి చొచ్చుకొచ్చారు. గార్డ్స్ అధికారి మాక్డొనెల్, కార్పొరల్ గ్రాహం, మరికొందరు కలిసి భుజాలానించి తలుపులు మూసేశారు. లోపల చిక్కినవాళ్లలో డప్పు కొట్టే కుర్రాడొక్కడే బతికాడని చెబుతారు. దీన్ని పాచికతో తేల్చేసి ముందుకెళ్లడం నాకు మనసొప్పలేదు. అందుకని గేటుకు నిజంగా తిరిగే రెండు రెక్కలు చేసి, సన్నని తీగతో బందులు బిగించాను. గొడ్డలి పట్టిన బొమ్మ తలుపును తాకి, పాచిక కలిసొస్తే రెక్కలు తెరుచుకుంటాయి. మూయాలంటే గార్డ్స్ బొమ్మలు రెండు రెక్కల్నీ తాకి ఉండాలి. ఒక ఆటలో పన్నెండేళ్ల అమ్మాయి ఫ్రెంచ్ వైపు ఆడుతూ, "ఇంకొక్కడు, ఇంకొక్కడు" అంటూ ఒక్కో బొమ్మనీ గడప దాటిస్తోంది. ఎదుటి పెద్దాయన వేలితో రెక్కను పట్టుకుని, తన కార్పొరల్ ఇంకా రెండంగుళాల దూరంలో ఉన్నాడని తెలిసి ఊపిరి బిగబట్టారు. చుట్టూ పదిమంది మూగారు. పెద్ద టేబుల్ దగ్గర జనం ఆగి ఫొటో తీసుకుని వెళ్లిపోయేవారు. ఇక్కడ గేటు సంగతి తేలేదాకా ఒక్కరూ కదల్లేదు.

హూగుమాంట్‌కీ ఒక లోపముంది. చివరిదాకా అది పడలేదన్న సంగతి అందరికీ తెలుసు. పట్టుకుంటేనే గెలుపు అని పెడితే ఫ్రెంచ్ వైపు ఆడేవాళ్లు సగంలోనే డీలాపడతారు. నేను చరిత్రనే ఆసరా చేసుకున్నాను. వెల్లింగ్టన్ అదనపు బలాన్ని అటు లాగడానికే ఈ దాడి మొదలైందని, చివరికి ఫ్రెంచ్ బలమే అందులో ఇరుక్కుపోయిందని తరచూ వినిపించే మాట. అందుకే వెనకనుంచి కొత్త బెటాలియన్‌ని పిలిచిన ప్రతిసారీ పిలిచిన పక్షానికి పాయింట్లు తగ్గుతాయి. అప్పటినుంచి ఫ్రెంచ్ వైపు కూర్చున్నవాళ్లు నాతో కాకుండా తమలో తాము వాదించుకోవడం మొదలైంది. "ఇంకో బెటాలియన్ అడుగుదామా, ఉన్నవాళ్లతోనే నెట్టుకొద్దామా?" నాకు కావలసిన వాదన అదే.

రూల్స్ ఎవరి చేతిలో ఉండాలన్నదీ ఇక్కడే తేలుతుంది. ప్రష్యాలో 1824లో రైస్విట్జ్ తండ్రీకొడుకుల్లో కొడుకు ప్రచురించిన క్రీగ్‌స్పీల్ అనే యుద్ధ క్రీడలో ఆటగాళ్లు ఆజ్ఞలు రాసిచ్చేవారు, పట్టికల ప్రకారం లెక్కలు అంపైర్ చూసుకునేవాడు. 1876లో ప్రష్యన్ సైన్యాధికారి వెర్డీ దు వెర్న్వా ఆ పట్టికల్ని కూడా పక్కనపెట్టి అంపైర్ తీర్పుకే వదిలేశాడు. పెద్ద వాటర్లూకి ఈ పద్ధతే నయం. ఆజ్ఞలు చీటీల మీద తీసుకుని లెక్క మీరే చేయండి, టర్న్ 25 నుంచి 15 నిమిషాలకు దిగుతుంది. హూగుమాంట్‌లో మాత్రం పాచికలు వాళ్ల చేతికే ఇవ్వాలి. గోడ దగ్గరి కాల్పుల ఫలితం మీరు చెప్పేస్తే వాళ్లు కథ విన్నట్టు వింటారు. వాళ్లే వేస్తే పడినవాడి పేరు అడుగుతారు.

వేదికనూ చూసుకోవాలి. లండన్‌లో జరిగే సెల్యూట్ ఒక్కరోజు మేళా. జనం కొనుగోళ్ల మధ్యలో ఆగి కాసేపు ఆడతారు. అక్కడ నాలుగు గంటల ఆట దండగ, హూగుమాంట్‌లోంచి కూడా గేటు ఒక్కటే తీసి 40 నిమిషాల్లో ఆడించాలి. అమెరికాలోని హిస్టారికాన్ లాంటి చోట్ల ముందే పేరిచ్చి గంటలకొద్దీ కూర్చోవడానికి వస్తారు కాబట్టి రెండిట్లో ఏదైనా నడుస్తుంది. ఎక్కడైనా సరే, టేబుల్ ఐదడుగుల లోతుకు మించకూడదు. మించితే మధ్యలో ఉన్న దళాన్ని కదపడానికి ఎవరో ఒకరు అడవి మీద పొట్ట ఆనించాల్సి వస్తుంది.

నన్నడిగితే, మొదటిసారి నడిపేవాళ్లకు హూగుమాంటే. సందేహం లేదు. పక్కన సాయానికి ఇద్దరుండి, కనీసం ముగ్గురు ఆటగాళ్లకు రూల్స్ వచ్చని తెలిస్తే, అప్పుడు వాటర్లూ పెట్టండి, నాలుగు గంటల నుంచే మొదలుపెట్టండి. ఈసారి నా పెట్టెల్లో 6 మిల్లీమీటర్ల సైన్యాలే ఉన్నాయి. ప్రష్యన్లను మాత్రం పెట్టెలో ఉంచను. ఆటగాళ్లు రాకముందే వాళ్లని ప్లాన్స్‌న్వా ఎదురుగా టేబుల్ మీద పేర్చి ఉంచుతాను.