ఫ్లాగ్ ఫుట్‌బాల్ కిట్: సామాను కొనదగ్గదే, పుస్తకంలోని సలహా పాటించదగ్గది కాదు

2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కు చోటు కల్పించాలని 2023 అక్టోబరులో ముంబైలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిర్ణయించింది. అదే నిర్ణయంతో క్రికెట్ కూడా ఒలింపిక్స్‌లోకి తిరిగి రావడంతో మనవాళ్ల చూపంతా అటే పోయింది గానీ, ఆ తరువాత నుంచి ఆన్‌లైన్ దుకాణాల్లో ఈ ఆట కిట్లు కూడా కనిపిస్తున్నాయి. బరంపురంలో సాయంత్రం పూట పిల్లలకు ఆటలు నేర్పే నేను అటువంటి కిట్ ఒకటి తెప్పించి, ఎండల్లోనూ వానలు పడ్డాక కూడా వాడి చూశాను. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగు పిల్లలకు ఆటలు నేర్పేవారు ఇది కొనాలా వద్దా అని అడుగుతున్నందున ఈ సమీక్ష రాస్తున్నాను.

ఆట సంగతి ముందుగా చెప్పాలి. ఇది అమెరికన్ ఫుట్‌బాల్‌కు దెబ్బలు లేని రూపం. జట్టుకు ఐదుగురు. ప్రతి ఒక్కరి నడుముకూ ఒక బెల్టు, దానికి ఇరుపక్కలా వేలాడే రెండు పొడవాటి పట్టీలు ఉంటాయి. బంతి పట్టుకుని పరుగెత్తేవాడిని ఒడిసిపట్టి కింద పడేయడానికి బదులు అతని పట్టీ లాగేస్తే ఆట అక్కడితో ఆగుతుంది. మైదానం సుమారు 64 మీటర్ల పొడవు, 23 మీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి మన బడి ఆవరణల్లో చాలావాటిలో సరిపోతుంది. నాలుగు ప్రయత్నాల్లో సగం గీత దాటాలి, దాటితే గెలుపు గీత చేరడానికి మరో నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. ఈ ఐదుగురి ఆటలో కాలితో తన్నడం అనేదే లేదు. జట్టు తన వైపు ఐదు గజాల గీత దగ్గర బంతి అందుకుని ఆట మొదలుపెడుతుంది. ఈ చివరి విషయం గుర్తుపెట్టుకోవాలి, కిట్ మీద నా అసలు ఫిర్యాదు అక్కడే ఉంది.

పెట్టెలో రెండు రంగుల్లో పది బెల్టులు, వాటి పట్టీలు, ఒక బంతి, కొన్ని కోన్లు, చిన్న పంపు, మోసుకెళ్లే సంచి, ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. బెల్టులకు నేను మంచి మార్కులే వేస్తాను. చవక రకాల్లో పట్టీలను వెల్క్రోతో అంటిస్తారు. మా మైదానంలో మట్టికి ఇసుక పాలు ఎక్కువ, పిల్లలు పడి లేచేసరికి ఆ ఇసుక వెల్క్రో నూగులో కూరుకుపోయి పట్టు పోతుంది. ఇందులో పట్టీ చివర గుండ్రటి రబ్బరు బొడిపె ఉంటుంది, దాన్ని బెల్టు మీది గుంటలోకి నొక్కితే కూర్చుంటుంది. లాగినప్పుడు టప్పుమని చప్పుడు చేస్తూ ఊడి వస్తుంది. పట్టీ ఊడిందా లేదా అన్న తగాదాను ఆ చప్పుడే తీర్చేస్తుంది. దుమ్ము పట్టినప్పుడు నీళ్లతో కడిగి ఆరబెడితే మళ్లీ కొత్తదానిలాగే పని చేసింది. మా పిల్లలు వాటిని తోకలంటారు, ఆ పేరే స్థిరపడిపోయింది.

లోపం కొలతలో ఉంది. ఈ బెల్టులను పెద్దవాళ్ల నడుములను దృష్టిలో పెట్టుకుని చేశారు. ఆరో తరగతి చదివే సన్నటి పిల్లవాడికి బిగించి కడితే జానెడు బెల్టు ముందుకు వేలాడుతుంది. పట్టీ లాగబోయిన చేతికి ఆ కొస చిక్కితే పరుగులో ఉన్న పిల్లవాడు గిర్రున తిరిగి పడిపోతాడు. కొసను బెల్టులోకి దోపుకోమని చెప్పవచ్చు గానీ, ఆటలో పడ్డ పిల్లలకు అది గుర్తుండదు. నేను సగం బెల్టులను మా వీధి దర్జీకి ఇచ్చి కత్తిరించి కుట్టించాను. కొనేవారు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. జేబులున్న నిక్కర్లతో ఆడనివ్వవద్దని పుస్తకంలో ఉన్న సూచన మాత్రం చాలా మంచిది. పట్టీ కోసం చాచిన వేళ్లు జేబులో ఇరుక్కుంటే వేలు బెణుకుతుంది.

బంతి పెద్దవాళ్ల కొలతది. దాదాపు 28 సెంటీమీటర్ల పొడవు, సుమారు 400 గ్రాముల బరువు. పదకొండేళ్ల పిల్లవాడి వేళ్లు దాని కుట్టు మీద సరిగ్గా పడవు, పడకపోతే విసిరిన బంతి గిరికీలు తిరుగుతూ నేరుగా పోదు, ఎదుటివాడి చేతుల్లోంచి జారిపోతుంది. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వారికోసం జూనియర్ కొలత బంతులు విడిగా దొరుకుతాయి, అదొకటి తప్పనిసరిగా కొనుక్కోవాలి. రబ్బరు బంతి కావడం వల్ల వానలో తడిసినా బరువెక్కలేదు. పంపు సూది మామూలు ఫుట్‌బాల్‌కు వాడేదే.

ఇక పుస్తకం. దీని గురించే ఎక్కువ రాయాలనుకున్నాను, ఎందుకంటే బెల్టును దర్జీ సరిచేయగలడు గానీ ఒక తప్పుడు సలహాను నమ్మి పిల్లవాడిని నిలబెట్టిన చోటును ఎవరూ వెంటనే సరిచేయరు. సగం పుస్తకం ఐదుగురి ఆటను వివరిస్తుంది. మిగతా సగం హెల్మెట్లు, భుజాల కవచాలు వేసుకుని ఆడే పదకొండుగురి ఆటకు రాసిన పుస్తకం నుంచి తెచ్చి అతికించినట్టుంది. పిల్లలను వారి ఒడ్డూపొడుగును బట్టి ఎక్కడ నిలపాలో చెప్పే పేజీలో, పొడవైన వారిని విసిరిన బంతిని పరుగెత్తి అందుకునే రిసీవర్లుగానూ, పొట్టిగా చురుగ్గా ఉండేవారిని అవతలి జట్టు తన్నిన బంతిని అందుకుని వెనక్కి పరుగెత్తే కిక్ రిటర్నర్లుగానూ పెట్టమని రాశారు. చిన్న పిల్లల విషయంలో ఈ సలహా సరైనది కాదన్నది నా గట్టి అభిప్రాయం. ముందే చెప్పినట్టు ఐదుగురి ఆటలో తన్నడమే లేదు కాబట్టి అందులో ఆ స్థానమే ఉండదు. పుస్తకాన్ని నమ్మి ఎవరైనా తన్నే ఆట ఆడించినా అది ఎందుకు తప్పో కారణాలు చెబుతాను.

తన్నిన బంతిని అందుకునేవాడు తల పైకెత్తి ఆకాశంలోకి చూస్తూ ఉంటాడు. అదే సమయంలో ఎదుటి జట్టువారు మైదానం సగం పొడవునా వేగం పుంజుకుని అతని మీదికే వస్తుంటారు. చూపు పైన ఉన్నందున తన వైపు ఎవరు ఎంత దూరంలో ఉన్నారో అతనికి తెలియదు. బంతి చేతిలో పడగానే చూపు దించి, నిర్ణయం తీసుకుని, పరుగు అందుకోవాలి. ఆ క్షణంలో అతను నిలబడి ఉంటాడు, వచ్చేవారు పూర్తి వేగంలో ఉంటారు. ఢీకొన్నప్పుడు బరువు తక్కువవాడే ఎక్కువ నష్టపోతాడు. ఫ్లాగ్ ఆటలో పడేయడం నిషేధమే అయినా, వేగంగా వచ్చే పిల్లలు తమను తాము ఆపుకోలేరు, తలకు తల తగలకుండా కాపాడే హెల్మెట్ కూడా ఇక్కడ ఉండదు.

ఆ ఆట పుట్టిన దేశంలోనే దీన్ని గుర్తించారు. అక్కడి పిల్లల ఫుట్‌బాల్ సంస్థ పాప్ వార్నర్ 2016లో తన చిన్న వయసు విభాగాల్లో కిక్‌ఆఫ్‌ను, అంటే బంతిని అవతలి జట్టు వైపు తన్ని ఆట మొదలుపెట్టడాన్ని, పూర్తిగా తీసివేసింది. అదే ఏడాది అమెరికాలోని ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు, బంతి నేరుగా గెలుపు గీత దాటిపోయి పరుగు అవసరం రాకుండా ఉండేందుకు, తన్నే స్థానాన్ని 35 గజాల గీత నుంచి 40కి జరిపాయి. ఆ తరువాత తలకు దెబ్బ తగిలి మెదడు అదిరే కంకషన్లు ప్రతి వెయ్యి కిక్‌ఆఫ్‌లకు సుమారు 11 నుంచి 2కు తగ్గాయని 2018లో వెలువడిన పరిశోధన చెప్పింది. వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్ఎఫ్ఎల్ కూడా 2024లో పద్ధతి మార్చింది. తన్నేవాడు తప్ప అతని జట్టులోని మిగతా పదిమంది ముందే అవతలి జట్టు 40 గజాల గీత దగ్గర నిలబడి, బంతిని ఎవరైనా అందుకునేవరకో అది నేల తాకేవరకో కదలకూడదు. దూరం నుంచి వేగం పుంజుకుని వచ్చి ఢీకొట్టడాన్ని తగ్గించడానికే అలా చేశారు. కవచాలు వేసుకున్న పెద్దవాళ్ల విషయంలోనే ఇంత జాగ్రత్త పడుతుంటే, నిక్కరూ బనీనూ వేసుకున్న మన పిల్లల్లో అందరికంటే చిన్నవాడిని అక్కడ నిలపమనడం ఏమి న్యాయం?

బరంపురం వారికి బరువు తేడా సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇది బరువులెత్తే వారి ఊరు. ఇక్కడి కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది 69 కిలోల విభాగంలో. ఆ ఆటలో సమాన బరువున్నవారితోనే పోటీ. ఫుట్‌బాల్‌లో అటువంటి విభజన లేదు, ఒకే తరగతిలో ఉన్న పిల్లల్లోనే ఒకడు మీసం మొలిచినవాడు, ఒకడు పాలబుగ్గలవాడు ఉంటారు. ఎదుగుదల వేగం మగపిల్లల్లో సగటున 14 ఏళ్ల దగ్గర, ఆడపిల్లల్లో 12 ఏళ్ల దగ్గర గరిష్ఠానికి చేరుతుంది. అందువల్ల ఆరు, ఏడు తరగతుల్లో ఆడపిల్లలు తోటి మగపిల్లల కంటే పొడవుగా ఉండటం మామూలే. ఈ రోజు పొట్టిగా ఉన్నవాడు రెండేళ్ల తరువాత కూడా పొట్టిగానే ఉంటాడనే నమ్మకం లేదు. ఎత్తును చూసి ఇప్పుడే ఒక స్థానానికి కట్టేయడం ఆ పిల్లవాడికి మనం చేసే అన్యాయం.

మరి అతన్ని ఎక్కడ ఆడించాలి? రిసీవర్‌గా. రిసీవర్ తన పరుగు దారి ముందే తెలిసి బయలుదేరతాడు, తనను కాచేవాడు ఎదురుగా కనబడుతూనే ఉంటాడు, బంతి కూడా దగ్గర నుంచి, అనుకున్న వేళకు వస్తుంది. మా పిల్లల్లో అందరికంటే చిన్నవాడొకడు ఉన్నాడు. వాళ్లమ్మ మొదటి రోజే “మా గుంటడు సన్నగా ఉన్నాడండీ మాస్టారూ, పెద్దోళ్ల కింద పడిపోకుండా చూడండి” అని చెప్పి వెళ్లింది. అతనికి నేర్పింది ఒకటే దారి: ఐదు అడుగులు తిన్నగా పరుగెత్తి, ఎడమ కాలు గట్టిగా ఆనించి, లోపలికి తిరగడం. కాచే పిల్లవాడు పొడగరి, వెనక్కి వెనక్కి నడుస్తూ ఉంటాడు. చిన్నవాడు తిరిగేసరికి అతనికి ఇంకా ఒక అడుగు వెనక్కే పడుతుంది. బంతి ఛాతీ ఎత్తున వచ్చి చేతుల్లో పడుతుంది. అప్పుడు ఆ పొడగరి పట్టీ కోసం వంగాలి, కానీ చిన్నవాడి నడుము అతని తొడల ఎత్తులో ఉంటుంది, వంగి చెయ్యి చాచేలోపు పట్టీలు ముందుకు సాగిపోతాయి. పొట్టితనం లాభంగా మారే చోటు ఇదే. ఎత్తుగా వేసే పొడవాటి బంతులు మాత్రం అతనికి వేయకూడదు, అక్కడ పొడగరిదే పైచేయి.

సెంటర్ స్థానం కూడా చిన్నవారికి చక్కగా నప్పుతుంది. ఐదుగురి ఆటలో బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించే సెంటర్ కూడా ఆ వెంటనే పరుగెత్తి బంతి అందుకోవచ్చు. కాచేవారు పక్కల నిలబడ్డ రిసీవర్లను చూస్తూ ఇతన్ని మరచిపోతారు. నాలుగు అడుగులు వేసి తిరిగితే చాలు, బంతి దొరుకుతుంది. పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు బాధ కలిగించింది. చిన్నపిల్లలకు ఒక అలవాటు మాత్రం మాన్పించాలి: పరుగెత్తేటప్పుడు చేత్తో పట్టీని కప్పుకోవడం తప్పు కిందికి వస్తుంది.

కిక్ రిటర్న్ పక్షాన చెప్పే మాట ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసివేయలేను. పొట్టి ఆటగాళ్లు చాలామంది ఆ తలుపు గుండానే పెద్ద ఆటలోకి వచ్చారు. సుమారు 175 సెంటీమీటర్ల వెస్ వెల్కర్‌ను 2004లో ఎన్ఎఫ్ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను తీసుకునే డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోలేదు. అతను బంతి తిరిగి తెచ్చే పనితోనే లీగ్‌లో నిలదొక్కుకున్నాడు, తరువాత రిసీవర్‌గా 2009లో ఒక్క సీజన్‌లోనే 123 బంతులు అందుకున్నాడు. అదే లీగ్‌లో ఆడిన స్టీవ్ స్మిత్ (క్రికెటర్ కాదు) దారీ అదే, 168 సెంటీమీటర్ల డారెన్ స్ప్రోల్స్ చివరి వరకూ రిటర్నర్‌గా పేరు తెచ్చుకున్నాడు. అయితే వీరంతా శరీరం పూర్తిగా ఎదిగిన వయసులో, ఉద్యోగం కోసం, ఖాళీగా ఉన్న చోటును పట్టుకున్నవారు. పదకొండేళ్ల పిల్లవాడికి ఉద్యోగం అక్కరలేదు, బంతి తరచుగా చేతికి రావడం కావాలి. రిసీవర్‌కు ఆట పొడవునా ఆ అవకాశం ఉంటుంది, రిటర్నర్‌కు ఎప్పుడో ఒకసారి వస్తుంది.

ఎత్తు నుంచి పడే బంతిని అంచనా వేసి పట్టడం మంచి విద్యే. క్రికెట్‌లో గాల్లోకి లేచిన క్యాచ్ పట్టిన పిల్లలకు అది త్వరగా వస్తుంది. ఎదురుగా ఎవరినీ పరుగెత్తించకుండా, నేనే బంతిని పైకి విసిరి ఒక్కొక్కరితో పట్టిస్తాను. గోపాల్‌పూర్ ఇసుకలో చేయిస్తే పడ్డా దెబ్బ తగలదు.

కొనదలచినవారికి నా మాట: ఈ కిట్ కొనండి, దాంతోపాటే జూనియర్ బంతి ఒకటి తీసుకోండి, బెల్టుల కుట్టుకూలి పక్కన పెట్టుకోండి, పుస్తకంలో స్థానాల గురించి ఉన్న పేజీని పిల్లలకు చదివి వినిపించకండి. అమ్మేవారికి నేను ఈ పేజీ గురించి రాశాను. తరువాతి ముద్రణలో మారుస్తామని గానీ, మార్చబోమని గానీ జవాబు రాలేదు. ఐదు నక్షత్రాల్లో సామానుకు నాలుగు, పుస్తకానికి ఒకటి ఇస్తున్నాను.

మా వైపు చాలా ఇళ్లకు అమెరికాలో బంధువులున్నారు. టెక్సాస్‌లో ఉన్న తమ్ముడి కొడుకును అక్కడి కోచ్ కిక్ రిటర్నర్‌గా పెడతానంటున్నాడని, ఒప్పుకోవచ్చా అని ఒక తండ్రి నన్ను అడిగారు. ఆ పిల్లవాడి లీగ్‌లో కిక్‌ఆఫ్ ఉందో లేదో, ఉంటే ఆ వయసువారికి ఎదుటి జట్టు ఎంత దూరం నుంచి బయలుదేరుతుందో ముందు కనుక్కోమని చెప్పాను. పూర్తి దూరం నుంచి వస్తున్నారంటే, ఈ ఏడాదికి రిసీవర్‌గా ఆడించమని కోచ్‌ను మర్యాదగా అడగమన్నాను. కోచ్ కాదంటే కారణం చెప్పమని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.