డల్లాస్ కయాక్, దిండి కొర్రమీను: సంక్రాంతి ముందు నాలుగు రోజులు

భోగికి వారం ముందు మా బావమరిది డల్లాస్ నుంచి దిగాడు. తెచ్చిన రెండు సూట్‌కేసుల్లో ఒకదాని నిండా గాలి కొట్టుకునే కయాక్, అంటే చిన్న తెడ్డు పడవ. మడతపెడితే పరుపుచుట్టంత ఉంది. అక్కడ చలికాలం చెరువుల్లో దానిమీద కూర్చుని ట్రౌట్, బాస్ చేపలు పడతాడట. టెక్సాస్ ఎండలకి ట్రౌట్ బతకదు కాబట్టి అక్కడి ప్రభుత్వమే ఏటా చలికాలం తెచ్చి వదులుతుందట. బాస్ ఏమో చలికి లోతుకి దిగి బద్ధకంగా పడుంటుంది, దాని ముక్కు ముందు ఎరని మెల్లగా ఆడించాలట.

"మన గోదాట్లో ఏం పడతాయి బావగారూ?"

ట్రౌట్ మాట మర్చిపో, అది కావాలంటే కశ్మీరో మున్నారో పోవాలన్నాను. బాస్ అయితే పేరుకి చుట్టం ఒకటుంది: మన పండుగప్పని బయటివాళ్ళు ఆసియా సీబాస్ అంటారు. పులస ఊసు కూడా ఎత్తాడు. అది వరద నీటికి ఎదురొచ్చే చేప. సంక్రాంతికి ఎవరైనా పులస అంటే డబ్బులు జేబులోనే ఉంచుకోవాలి.

నరసాపురం రైలెక్కి పాలకొల్లులో దిగి, చించినాడ వంతెన దాటితే దిండి. బస ఎంచుకోవడానికి నాది ఒకటే కొలత: తెల్లవారుజామున అయిదింటికి గేటు తీస్తారా, పట్టుకొచ్చిన చేప వండిపెడతారా. ఏసీ, టీవీ తర్వాత సంగతి. దిండిలో టూరిజం వాళ్ళ రిసార్టు కొబ్బరిచెట్ల మధ్య, ఏటికి ఎదురుగా ఉంటుంది. పిల్లాపాపలతో వెళ్ళేవాళ్ళకి అదే మంచిది. హౌస్‌బోట్లు పెళ్ళయిన కొత్తలో బాగుంటాయి గానీ గాలం వేసేవాడికి పనికిరావు. మేం మాత్రం లోపలి ఊళ్ళో ఒక పెంకుటింట్లో గది తీసుకున్నాం. వేడినీళ్ళు బకెట్లో తెచ్చిస్తారు, దోమతెర మనమే కట్టుకోవాలి. అయినా ఆ ఇంటి పెద్దావిడ నాలుగున్నరకే లేచి, "కాఫీ తాగి వెళ్ళండి బాబూ" అనేది. ఆ ఒక్క మాటకే నా మార్కులన్నీ ఆ ఇంటికి వేసేశాను.

మొదటిరోజు మాకు మేమే మొనగాళ్ళం. మంచు తెరలో వశిష్ఠ గోదారి పాయ అద్దంలా ఉంది. ఏటిగట్టు మీద పంపు కొడుతుంటే కుర్రాళ్ళు చుట్టూ చేరారు. కాసేపు తెడ్డు వేశాం, నది చాలా నెమ్మదిగా ఉందే అనుకున్నాం. అప్పటికి సముద్రపు పోటు నిండి నీళ్ళు నిలబడి ఉన్నాయని మాకు తెలియలేదు. చలికాలం పైనుంచి నీరు తగ్గుతుంది, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఉన్న నీటిని దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, కాలువల్లోకి మళ్ళిస్తారు, ఇక కింద పాయలో పెత్తనమంతా సముద్రానిదే. పాటు మొదలై నీళ్ళు సముద్రంలోకి తీయగానే మమ్మల్ని దిగువకి లాక్కుపోయింది. ఇద్దరం చెమటలు కక్కుతూ తెడ్లు వేస్తున్నా గట్టు మీది కొబ్బరిచెట్టు ముందుకే పోతోంది. వలకట్ల గుంజలకి గీసుకుని కయాక్ పక్కన చారలు పడ్డాయి. ఇంజను పడవాయన ఒకాయన తాడు విసిరి గట్టుకి చేర్చాడు.

"ఆయ్, పాటు తీసేటప్పుడు తెడ్డేస్తే ఏం లాభమండీ? ఇంకా నయం, ఇయ్యాళ అష్టమి. అమాసైతే అంతర్వేదిలో తేలేవోళ్ళు."

లైఫ్ జాకెట్ల దగ్గర మాత్రం మేం తప్పు చేయలేదు. 2019లో కచ్చులూరు పడవ మునిగినప్పటి నుంచి మా ఇంట్లో జాకెట్ లేకుండా గోదారి అంటే మా ఆవిడ గుమ్మం దాటనివ్వదు.

రెండోరోజు పొద్దుటి పూటకి ఎనిమిది వందలకి ఆయన్నే మాట్లాడుకున్నాం. ఈ ప్రయాణం మొత్తంలో తెలివిగా ఖర్చుపెట్టింది ఆ డబ్బే. ఆయన మమ్మల్ని పెద్ద ఏటికి కాదు, పొలాల మధ్య మురుగు డ్రెయిన్‌కి తీసుకెళ్ళాడు. గుర్రపుడెక్క, తూడు, మధ్యలో చాపంత ఖాళీ నీళ్ళు. కయాక్‌కి అసలు చోటు ఇదే: చప్పుడు లేదు, జానెడు నీళ్ళున్నా తేలుతుంది. కొర్రమీను గాలి మింగడానికి పైకొస్తుంది కదా, ఆ చిన్న గుటక శబ్దం మాకు వినిపించేలోపే ఆయన వేలు చూపించేవాడు. మా వాడు రబ్బరు కప్పని డెక్క మీద పడేసి గెంతిస్తూ లాగాడు. నీళ్ళు చెదరగానే గుంజేశాడు, ఉత్త కప్ప వచ్చింది. మూడుసార్లూ అంతే. "మింగనివ్వండి బాబూ, మూడు లెక్కెట్టి లాగండి" అన్నాడు పడవాయన. నాలుగోసారి కిలో పైచిలుకు కొర్రమీను. ఈలోపు వెదురుకర్రకి బతికున్న కప్పని కట్టి ఆయన మూడు పట్టేశాడు, అది వేరే విషయం.

రెండు జాగ్రత్తలు. ఇక్కడ కనిపించే చెరువులన్నీ ఎవరో ఒకరివి, గాలం వేస్తే దొంగతనం కిందే లెక్క. డ్రెయిన్లలోకి కొన్నిచోట్ల రొయ్యల చెరువుల నీళ్ళు వదులుతారు, వాసన తేడాగా ఉంటే అక్కడి చేప తినకండి.

సాయంత్రం డ్రెయిన్ ఏటిలో కలిసే తూము దగ్గర, పాటు మొదట్లో, రెండు కిలోల పండుగప్ప పడింది. గాలం తీస్తూ మా వాడు మొప్ప దగ్గర చెయ్యి పెట్టాడు, బ్లేడుతో కోసినట్టు వేలు తెగింది. ఆ రక్తంతోనే వాదన మొదలెట్టాడు: పండుగప్పలు చిన్నప్పుడు దాదాపు అన్నీ మగవేనట, కొన్నేళ్ళు పెరిగాక ఆడవవుతాయట, కాబట్టి పెద్దవాటిని వదిలేయాలట. పడవాయన నమ్మలేనట్టు చూశాడు. "చేతికొచ్చిన లక్ష్మిని ఏట్లో పారేస్తారా అండీ?" అసలు ఇది పెద్దదే కాదని నేను తీర్పు చెప్పాను. రాత్రి పెద్దావిడ మామిడికాయ ఒరుగు వేసి పులుసు పెట్టింది. ఎవరూ వాదించలేదు.

అంతర్వేదిలో గాలానికి వెళ్ళకండి. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర ఏరూ సముద్రమూ కలిసే చోటు చూడాల్సిందే, కానీ గట్టు మీద నిలబడి చూడాలి. అక్కడ కయాక్ దింపుతానన్నవాణ్ణి నేను చొక్కా పట్టుకుని ఆపాను. ఊళ్ళో సత్రాలు శుభ్రంగానే ఉన్నాయి. నరసింహస్వామి క్షేత్రం కాబట్టి చేపల సంచీతో ఆ గుమ్మాలు ఎక్కకపోవడం మర్యాద. అక్కణ్ణుంచి సరదాకి సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్ళొచ్చాం.

చివరిరోజు 216 హైవే మీద కోరంగికి బయల్దేరాం. దారిలో అంబాజీపేట వైపు తిరిగి పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు తిన్నాం, ఎదుర్లంక వారధి మీద గౌతమి పాయ దాటాం. ముందురాత్రి దిగిన ఒక లాడ్జీ గురించి చెప్పాలి. ఫోన్లో "రివర్ వ్యూ" అన్నారు. కిటికీ తెరిస్తే జనరేటరు. అయిదింటికి గేటు తీయమంటే వాచ్‌మన్, "తాళం మేనేజరు గారి దగ్గరుందండి" అని మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు. నా కొలతలో సున్నా.

కోరంగి అభయారణ్యం, గాలాలు కారులోనే. మడచెట్ల మధ్య చెక్కదారి మీద నడిచాం. పడవ పోటు మీద నడుస్తుందన్నారు, గంటన్నర కూర్చున్నాం. మడవేళ్ళ కింద నీళ్ళు కదిలినప్పుడల్లా మా వాడి చెయ్యి దానంతటదే తిరుగుతోంది, లేని రీలుని చుడుతున్నట్టు.

కయాక్ ఇప్పుడు మా అటక మీదుంది. పంపు మాత్రం పడవాయన దగ్గరే వదిలేసి వచ్చాం. వాళ్ళబ్బాయి సైకిలుకి పనికొస్తుందన్నాడు.