రెసిడెంట్ ఈవిల్ 2: పాతదా, రీమేకా?

జాంబీల హారర్ వీడియో గేమ్ రెసిడెంట్ ఈవిల్ 2 మళ్లీ ఆడాలని మనసు లాగితే నా ఓటు రీమేక్‌కే. కానీ ఒక్క విషయంలో మనసొప్పదు.

1998 నాటి గేమ్‌లో ముందు విసిగించేది నడక. పైకి నొక్కితే పాత్ర తన ముఖం ఉన్న వైపుకే వెళ్తుంది. కుడి, ఎడమ నొక్కితే నిలబడ్డచోటే తిరుగుతుంది. కెమెరా గోడకు దిగ్గొట్టిన మేకులా కదలదు. జాంబీ మూలుగు వినిపిస్తుంది, ఆకారం కనిపించదు. అప్పట్లో అదే భయం, ఇప్పుడు సగం చిరాకు. తలుపు తీసిన ప్రతిసారీ వచ్చే యానిమేషన్ సంగతి సరేసరి!

2019 రీమేక్‌లో కెమెరా భుజం వెనక్కి వచ్చింది, గురి మన చేతిలో ఉంది. అలాగని భయం తగ్గలేదు. తలకు తూటాలు దిగినా జాంబీలు లేచి వస్తూనే ఉంటాయి. ఇక మనల్ని వెంటాడే భారీ రాక్షసుడు మిస్టర్ ఎక్స్ బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, టెన్షన్ మొదలు.

అయితే మనం ఒకరి తర్వాత ఒకరిగా ఆడే రెండు పాత్రలు లియాన్, క్లెయిర్‌ల కథల ముడి పాతదాంట్లోనే గట్టిది. మొదటి పాత్రతో సబ్‌మెషిన్ గన్ తీసేసుకుంటే రెండో పాత్ర వచ్చేసరికి అది అక్కడ ఉండదు. రీమేక్‌లో ఇద్దరూ చాలావరకు ఒకే దారిలో నడుస్తారు, ఒకరి పని ఇంకొకరికి పట్టదు. అందుకే పాతదాన్ని ఆడితే ఇద్దరితోనూ ఆడండి. ఒక్కరితో ఆపేస్తే దాని తెలివి కనిపించదు.