చేర్యాల పటం: పులిని చిన్నది చేసి మా బాపమ్మకు చోటిచ్చారు

మా హాలు గోడకు ఇప్పుడొక చేర్యాల నకాషీ పటం ఉంది, అంటే కథను వరసగా బట్ట మీద గీసిన బొమ్మ. అడుగున్నర వెడల్పు, మూడడుగుల పొడవు. ఎర్రటి నేల మీద పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి కథలోంచి నాలుగు పట్టీలు, పట్టీకీ పట్టీకీ మధ్య పూల అంచు. ధర 9,000 రూపాయలు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో గీసేవాళ్ల ఇంటికే వెళ్లి, ఏ కథ కావాలో చెప్పి చేయించుకున్నాను. ఆ డబ్బుకు తగిన వస్తువేనా అంటే నా మటుకు నాకు తగినదే. ఎందుకో చెప్పాలంటే మా కులం సంగతి, మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మాది సిరిసిల్ల, పద్మశాలీలం. బాపు సాంచాలు (మరమగ్గాలు) నడిపేవాడు, తాత గుంట మగ్గం నేసేవాడు. బాపమ్మ, అంటే నాన్నమ్మ, చిన్నతనంలో కూనపులివాళ్లు ఊరికి వచ్చి, రాత్రిపూట దీపం పెట్టి, పొడవాటి పటం వేలాడదీసి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లట. ఒక్కో బొమ్మ మీద కర్ర ఆనిస్తూ కథ పాడుతుంటే ఆడవాళ్లు కండెలు చుట్టడం ఆపేసి మరీ వినేవాళ్లని చెప్పేది. భావనారుషి పద్మం తూడులోంచి దారం తీసి దేవతలకు బట్ట నేశాడనీ, పులి మీద ఊరేగాడనీ ఆమె నోటే విన్నాను. ఆ పటం గీసిందెవరో మాత్రం ఆమె ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. గీసినవాళ్లంటూ ఉంటారన్న ఆలోచనే రాలేదు నాకు.

ఆ గీసేవాళ్లే నకాషీలు. మాకు కూనపులివాళ్లు ఉన్నట్టే గౌడులకు గౌడజెట్టివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు కథకులు. వాళ్లందరికీ పటాలు గీసిచ్చింది నకాషీలు. మూడడుగుల వెడల్పుతో అరవై అడుగుల దాకా సాగే పటాలు ఉండేవి. కథకులే కొనుక్కునేవాళ్లు, పటం పాతబడితే పూజ చేసి నీళ్లలో కలిపేసి కొత్తది రాయించుకునేవాళ్లు. మ్యూజియంలో దాచుకునే వస్తువు కాదన్నమాట, రాత్రిపూట పనికొచ్చే పనిముట్టు. వినేవాళ్లు తగ్గేసరికి పటాలు అడిగేవాళ్లూ తగ్గారు. అరవై అడుగుల బొమ్మ కాస్తా గోడకు పట్టే ముక్క అయింది. ఇవాళ మనం కొంటున్నది ఆ ముక్కనే.

ఈ కళను నిలబెట్టిన ఇంటిపేరు ధనాలకోట. వాళ్లలో ధనాలకోట వైకుంఠం గారి పేరు ఎక్కువ వినిపిస్తుంది. మా ఆఫీసులో ఒకాయన ‘తెలుసు తెలుసు, పెద్ద బొట్టు, పచ్చ చీర’ అన్నాడు. ఆ బొమ్మలు గీసింది తోట వైకుంఠం గారు, ఈయన వేరు. తోట వైకుంఠం గారి ఆడవాళ్లు నాకూ ఇష్టమే, కానీ వాళ్లు మన ఎదురుగా ఫొటోకి కూర్చున్నట్టుంటారు. నకాషీ పటంలో ఎవరికీ అంత తీరిక ఉండదు. ఒకరు నేస్తుంటారు, ఒకరు నీళ్లు మోస్తుంటారు, ఒకరు యుద్ధంలో ఉంటారు. సిద్దిపేట కాపు రాజయ్య గారి బొమ్మల్లో ఆ హడావిడి కొంత కనిపిస్తుంది. ఆయన నకాషీ పద్ధతి నుంచి తీసుకున్నది చాలా ఉంది.

వస్తువు గురించి. నేత ఖద్దరు బట్ట మీద గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూత మీద పూత పూస్తారు. ఆరాక బట్ట ఇస్త్రీ చేసిన ఖద్దరు చొక్కా కాలర్‌లా బిర్రుగా అవుతుంది. దాని మీద పెన్సిల్ లేకుండా కుంచెతోనే గీస్తారు. ముందు నేలంతా ఎరుపు నింపి, తర్వాత ఒంటి రంగులు, బట్టలు, నగలు వేసి, చివర్లో నల్లగీత దిద్దుతారు. ఆ నల్లగీత పడేదాకా ముఖాలకు ప్రాణం ఉండదు. ఒకప్పుడు దీపం మసి, నీలిమందు, ఇంగిలీకం లాంటివి నూరుకునేవాళ్లు. ఇప్పుడు చాలామంది డబ్బా రంగులే వాడుతున్నారు, నా పటంలోనూ అవే. సహజ రంగులే కావాలంటే ముందే అడగండి, ధర పెరుగుతుంది.

ఇక నా పటం. రెండో పట్టీలో భావనారుషి గుంట మగ్గంలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. పక్కనే ఆయన పులి. మొదట గీసిచ్చిన గీత చూసి, గీసే ఆయన్ని అడిగాను: “అన్నా, ఆసు పోసే ఆడమనిషిని కూడా పెట్టొచ్చా?” ఆసు పోయడమంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పడం. మా బాపమ్మ ముంజేతులు రెండూ ఆసు పోసీ పోసీ అరిగిపోయినవే. నేత అంటే అందరికీ మగ్గం మీద కూర్చున్న మగమనిషే గుర్తొస్తాడు. గీసే ఆయన బట్టను కాసేపు చూసి, “పెట్టొచ్చు చెల్లె, పట్టీల జాగ చాలదు. పులిని జర చిన్నగ చేస్తా” అన్నాడు.

చేశాడు. ఇప్పుడు ఆ పులి మేక కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్లు నవ్వుతారు. ఆసు దగ్గరున్న ఆమె మాత్రం భావనారుషి అంత ఎత్తు, అంత పెద్ద కళ్లు, పసుపు ఒళ్లు, మెడనిండా నగలు. దేవుడికీ పని చేసుకునే మనిషికీ ఒకే కొలత ఇచ్చే బొమ్మలు నేను చూసిన వాటిలో తక్కువ. బొమ్మల గురించి నాకు చదువు లేదు. దీని ముందు నిలబడితే మాత్రం మా ఇల్లు కనిపిస్తుంది.

లోటుపాట్లు కూడా చెప్పాలి. చెప్పిన గడువు దాటాకే చేతికొచ్చింది. ఫోన్ చేస్తే “ఆరుతలేదమ్మా, వానలు” అన్నారు, అది నిజమే కావచ్చు. నాలుగో పట్టీలో ఎరుపు ఒక మూల పలచబడింది. కొత్తలో దగ్గరికి వెళ్తే చింతపిండి వాసన వస్తుంది, కొన్నాళ్లకు పోతుంది. రంపపుపొట్టు, చింతపిండి కలిపి చేసే మాస్కులూ కొబ్బరి చిప్ప ముఖాలూ అక్కడే అమ్ముతారు, బాగుంటాయి. కీచైన్లు మాత్రం నాకు నచ్చలేదు. అంత చిన్న చోట గీత నిలబడదు.

అసలుదీ నకిలీదీ తేడా చెప్తాను, ఎందుకంటే దీనికి ముందు ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర ‘చేతితో గీసినది’ అని తెప్పించి ప్రింటు అందుకున్నాను. ప్రింటులో గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం. కుంచె గీత కనుబొమ్మ దగ్గర లావుగా మొదలై చెవి దగ్గర సన్నబడుతుంది. అసలు పటాన్ని వేలితో తడిమితే రంగు ఎత్తు తగులుతుంది, వెనక తిప్పితే ఖద్దరు పోగులు కనిపిస్తాయి. ఆ ప్రింటు మాత్రం వెనకవైపు నున్నటి పాలిస్టర్.

హైదరాబాద్ నుంచి చేర్యాలకు బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ముందే ఫోన్ చేసి వెళ్లండి, పెద్ద పని మీద ఉంటే చూపించడానికి చిన్న బొమ్మలే ఉంటాయి. ఏ కథ కావాలో అనుకుని వెళ్తే మంచిది. ‘ఏదో ఒక పల్లెటూరి సీన్’ అంటే బతుకమ్మో ఎడ్లబండో ఇస్తారు, అవి అందరిళ్లలో ఉన్నవే. తడిబట్టతో తుడవకండి. ఫ్రేముకు అద్దం వేయించండి, లామినేషన్ వద్దు. కొరియర్‌లో తెప్పించుకుంటే చుట్టి పైపులో పెట్టి పంపమనండి, మడతపెడితే మడత దగ్గర పూత పగులుతుంది.