ఏడేళ్లుగా నా చేతిలో ఉన్న డెక్కల కొక్కెం

చేవెళ్ల వైపు ఉన్న మా పొలానికి మార్వాడీ జాతి ఆడగుర్రం వచ్చి ఏడేళ్లయింది. అప్పట్లో జీను ఏది కొనాలా, కళ్లెం ఏది నప్పుతుందా అని నెల రోజులు తిరిగాను. డెక్కలు శుభ్రం చేసే కొక్కెం గురించి మాత్రం ఎవరినీ అడగలేదు. బిల్లు కట్టేటప్పుడు బల్ల మీద కనబడితే తీసుకున్నాను. ఇప్పుడు గుర్రం కొత్తగా తెచ్చుకున్నవాళ్లు ఏం కొనాలని అడిగితే మొదట దాని పేరే చెబుతున్నాను.

దుకాణంలో హూఫ్ పిక్ అని అడగాలి. జానెడు పొడవుంటుంది. ఒక చివర వంపు తిరిగిన ఉక్కు మొన, రెండో చివర పొట్టి, గట్టి నైలాన్ కుచ్చు. నేను మొదట కొన్నది ప్లాస్టిక్ పిడిది. గుర్రం డెక్క అడుగు గిన్నెలా లోపలికి వంగి ఉంటుంది. మా నల్లరేగడి బురద అందులో కూరుకుని, గులకరాళ్లను పట్టుకుని ఎండితే ఇటుక ముక్కే. రెండో నెలలో అలాంటి మట్టిని పెకిలిస్తుంటే పిడి మెడ దగ్గర విరిగింది. తర్వాత కొన్నదానిలో ఉక్కు కడ్డీ పిడి లోపల చివరిదాకా ఉంది, పైన రబ్బరు తొడుగు ఉంది. ఈ సమీక్ష దాని గురించే.

కొత్తలో దాని మొన చాలా వాడిగా ఉండేది. అమ్మినవాళ్లు అదొక గొప్పగా చెప్పారు. నేను ఆకురాయితో మొన గుండ్రం చేశాను, ఆ పని అందరూ చేయాలంటాను. డెక్క మధ్యలో త్రికోణాకారంలో రబ్బరు లాంటి మెత్తని భాగం ఉంటుంది, దాన్ని ఫ్రాగ్ అంటారు. దానికి రెండు పక్కలా లోతైన గాళ్లు ఉంటాయి, మట్టి చేరేది అక్కడే. కొక్కెం ఎప్పుడూ మడమ నుంచి ముందుకే కదలాలి. వెనక్కి లాగితే, గుర్రం ఒక్కసారి కాలు గుంజుకుంటే, మొన ఆ మెత్తని చోట దిగుతుంది. మట్టి తీయడానికి వాడి మొనతో పని లేదు, మొండి మొన చాలు.

మొదట్లో నేను దీన్ని మట్టి తీసే పనిముట్టుగానే చూశాను. కుచ్చు విలువ గుర్రాన్ని చూసుకునే మా సాయీసు పెద్దాయన వల్ల తెలిసింది. మూడో వానాకాలంలో ఒక ఉదయం నేను నాలుగు కాళ్లూ గీకేసి లేవబోతుంటే ఆయన ఆపారు. "సార్, గీకారు సరే. కుచ్చుతో తుడిచి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి" అన్నారు. వెనక ఎడమ కాలు ఎత్తి తుడిచాను. కుళ్లిన వాసన ముఖానికి కొట్టింది. ఫ్రాగ్ నడిమధ్య గాడిలో నల్లటి జిగురు కనిపించింది. ఆరోగ్యంగా ఉన్న డెక్కలో ఆ గాడి వేలికొన పట్టేంత వెడల్పుగా, లోతు లేకుండా ఉంటుంది. మా గుర్రానికి అది చీలికలా సన్నబడి లోపలికి దిగిపోయింది. దాన్ని థ్రష్ అంటారు. గాలి తగలని తడిలో పెరిగే సూక్ష్మజీవుల పని అది. పేడ, మూత్రం నిలిచిన పక్క (కాళ్ల కింద పరిచే గడ్డి) మీద నిలబెట్టడమే కారణం, ఆ తప్పు నాదే. పశువైద్యుడు మైలతుత్తంతో చేసిన మందు ఇచ్చి, దూదితో గాడిలో పెట్టమన్నారు. మందు కన్నా పొడి పక్కే ముఖ్యమని కూడా చెప్పారు. వరిగడ్డి తీసేసి రంపపుపొట్టు వేశాం, రోజుకు రెండుసార్లు తడిసిన చోటు మార్చాం. గాడి పైకి రావడానికి రెండు నెలలు పట్టింది.

అప్పటి నుంచి రోజూ ఉదయం, మళ్లీ సవారీకి ముందూ తర్వాతా కాళ్లు ఎత్తుతున్నాను. కొక్కెం పట్టుకోబోయే ముందు అరచేయి వెనక్కి తిప్పి నాలుగు డెక్కలకూ ఆనిస్తాను. ఒకటి మిగతా మూడింటి కన్నా వేడిగా ఉందా అన్నదే ప్రశ్న. తర్వాత డెక్కకు పైన కనబడే కీలు వెనక, పక్కగా రెండు వేళ్లు పెడతాను. మామూలుగా నాడి అక్కడ అందీ అందనట్టు ఉంటుంది. అది టకటకా కొట్టుకుంటూ, డెక్క వేడెక్కి, గుర్రం ముందు కాళ్లు చాపి బరువు వెనక్కి వేసి నిలబడితే ఆ రోజు సవారీ లేదు, వెంటనే వైద్యుడికి ఫోను. డెక్క గోడ లోపలి ఎముకను పట్టి ఉంచే పొరలు వాచే జబ్బు అలాగే మొదలవుతుంది. దాణా గదిలో దూరి గింజలు బుక్కిన గుర్రానికి ఈ ప్రమాదం ఎక్కువ.

మేకు సంగతి కూడా చెప్పాలి. రోడ్డు మీద నుంచి వచ్చిన ఒక సాయంత్రం కుచ్చుతో తుడుస్తుంటే ఫ్రాగ్ పక్కన గుండ్రని మెరుపు కనబడింది. మేకు తల. నా చేయి పెరకడానికే వెళ్లింది. ముందు వైద్యుడికి ఫోను చేయడం ఎంత మంచిదయిందో. "తీయకండి, అది ఎటువైపు, ఎంత లోతు వెళ్లిందో ఎక్స్‌రేలో చూడాలి" అన్నారు. మేకు ఇంకా దిగకుండా రెండు పక్కలా చెక్కముక్కలు పెట్టి గుడ్డతో కట్టాం. ఆయన వచ్చి, ఎక్స్‌రే తీసి, ఎముకకు తగల్లేదని చూసి లాగారు. ధనుర్వాతం టీకా వేశారు. గుర్రాలకు ధనుర్వాతం చాలా సులువుగా సోకుతుంది. ఆ కుచ్చు లేకపోతే బురద కింద ఆ మేకు నాకు కనబడేది కాదు.

ఇక లోపాలు. రోజూ తుడవడం మొదలుపెట్టిన ఏడాదికల్లా నైలాన్ కుచ్చు పక్కకు ఒరిగిపోయింది. పిడికి బిగించినది కాబట్టి మార్చడానికి వీల్లేదు. ఇప్పుడు తుడవడానికి విడిగా కొబ్బరి పీచు బ్రష్షు వాడుతున్నాను, తడి మట్టికి అదే మెరుగు. రబ్బరు తొడుగు ఎండకు పగిలింది, సైకిలు ట్యూబు ముక్క చుట్టాను. ఉక్కు మొన వానాకాలంలో తుప్పు పడుతుంది. నూనె గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. వంపు మాత్రం ఇంతవరకూ సాగలేదు.

ఇదే దుకాణంలో డెక్కలు చెక్కే కత్తి, ఆకురాయి కూడా అంటగడతారు. నేర్చుకోనివాళ్లు కొనవద్దు. డెక్క నెలకు అటూ ఇటూగా ఒక సెంటీమీటరు లోపే పెరుగుతుంది. ముందు భాగం పై అంచు నుంచి కిందిదాకా కొత్తది రావడానికి దాదాపు ఏడాది. తప్పుగా చెక్కినది అన్నాళ్లూ గుర్రం మోస్తుంది. డెక్కలు చెక్కి లాడాలు కొట్టే మా నాల్‌బంద్ ఆరేడు వారాలకోసారి వస్తారు. ఆ పని ఆయనదే. ఆయన వచ్చేసరికి నేను చూసినవన్నీ చెబుతాను: ఏ కాలికి డెక్క గోడ, అడుగు కలిసే తెల్లగీత దగ్గర మట్టి చొరబడుతోంది, ఏ లాడం కదులుతోంది.

కొక్కేనికి ఎర్ర దారం కట్టాను, గడ్డిలో పడితే వెతుక్కోవడానికి. ఇలాంటిదే ఇంకొకటి కొని జీపులో పెట్టాను.